చిన్నచూపు ఫితూరీగా ఎలా మారింది? రంప కొండలు, పోడు, కల్లు పన్ను (చర్చ)

పాతకాగితం #1

మన పద్ధతే కొలబద్ద, తక్కినవాళ్ళు దానికి ఎంత దగ్గరగా ఉన్నారో అదే వాళ్ళ విలువ అనుకోవడాన్ని ఎత్నోసెంట్రిజం అంటున్నాం. వలస పాలకులకూ ఆదివాసులకూ గొడవలు దీనివల్లే వచ్చాయని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. కానీ ఎవరో తమను అనాగరికులు అన్నారని జనం పోలీసుల మీద తిరగబడరు కదా. చిన్నచూపుకూ తిరుగుబాటుకూ మధ్య ఏమేం జరగాలి? గోదావరి జిల్లా రంప కొండల్లో 1879లో వచ్చిన తిరుగుబాటును, అంటే రంప ఫితూరీని, ముందు పెట్టుకుని మాట్లాడదాం. అమెరికా, ఆస్ట్రేలియా సంగతులు అవసరమైతేనే తీద్దాం, గోదావరి ఏజెన్సీలోనే కావలసినంత సరుకు ఉంది.

చోడంబలి #2

అయితే పోడు దగ్గర మొదలుపెట్టాలి. అదెలా చేస్తారో తెలియకపోతే దొరలు ఏం చూశారో, ఏం చూడలేదో పట్టుబడదు.

చలికాలం చివర కొండవాలులో తుప్పలు, చిన్న చెట్లు నరుకుతారు. ఇప్ప, చింత, కల్లు దిగే జీలుగు లాంటి అక్కరకొచ్చే చెట్లను ముట్టుకోరు. కొట్టిన చెట్లకు మోడు ఉంచుతారు, వేరు చావదు. నరికింది బాగా ఎండాక, తొలకరికి ముందు తగలబెడతారు. వాన పడ్డాక ఆ బూడిదలో కర్రతో గుంటచేసి గింజ వేస్తారు, సామ లాంటివైతే చల్లుతారు. నాగలి పెట్టరు. వాలులో దున్నితే మొదటి గట్టివానకే మట్టి వాగులో ఉంటుంది. సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, చిక్కుడు, గుమ్మడి అన్నీ కలిపే వేస్తారు. సామ ముందు చేతికొస్తుంది, కంది ఆఖరికి. ఒకటి పోయినా ఇంకొకటి గట్టెక్కిస్తుంది.

రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. కలుపు ముసిరి బూడిద సత్తువ తగ్గాక ఆ చెక్క వదిలేసి ఇంకోచోటికి పోతారు. మళ్ళీ అక్కడికి రావడానికి పదేళ్ళు పడుతుంది.

ఇప్పుడు లెక్క వేయండి. రెండేళ్ళ సాగు, పదేళ్ళ విశ్రాంతి అంటే పన్నెండేళ్ళ చక్రం. ఏ సంవత్సరం చూసినా ఆ భూమిలో ఆరో వంతే సాగులో ఉంటుంది. ఒక కుటుంబం ఏటా 3 ఎకరాలు చేయాలంటే దానికి 18 ఎకరాల కొండ ఉండాలి. గుర్రం మీద వచ్చిన అధికారికి కనిపించేది 3 ఎకరాల మసి, 15 ఎకరాల "ఎవరిదీ కాని" అడవి. గొడవ విత్తనం ఆ 15 ఎకరాల్లో ఉంది.

సర్వేరాయి #3

చోడంబలి గారు చెప్పిన ఆ 15 ఎకరాలను కాగితం మీద ఎలా మాయం చేశారో చెప్తాను.

ఇంగ్లండులో పొలం అంటే గట్టు, కంచె, ఏటా పంట, పేరు మీద దస్తావేజు. ఈ నాలుగూ లేనిది పొలం కాదు, బంజరు. బంజరు సర్కారుది. ఇది ఎవరో ఒక దుర్మార్గుడు కూర్చుని అల్లిన కుట్ర కాదు, వాళ్ళ సర్వే ఫారంలో వేరే గడి లేదంతే. అందుకే అంత బలంగా పనిచేసింది.

అందరూ గుడ్డివాళ్ళేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి సరిహద్దులోకి రాని అడవి దాదాపు లేదనీ, అడవులు సర్కారు సొత్తు అని ఇంతకుముందు ప్రభుత్వం ఎక్కడా హక్కు చలాయించిన దాఖలా లేదనీ 1871లో మద్రాసు బోర్డ్ ఆఫ్ రెవెన్యూయే రాసింది. పదేళ్ళు తిరక్కుండానే ఆ వాదన వీగిపోయింది. అటవీశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ డీట్రిచ్ బ్రాండిస్ మద్రాసు వచ్చి వెళ్ళాక 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది.

ఆ చట్టంలో రిజర్వు చేసే తీరు చూడండి. ముందు ఫలానా కొండను రిజర్వు చేయదలచాం అని గెజిట్‌లో నోటిఫికేషన్. తర్వాత ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసర్ ఊళ్ళలో ప్రకటన వేయించి, హక్కు ఉన్నవాళ్ళు వచ్చి చెప్పుకోండి అని మూడు నెలలకు తగ్గకుండా గడువు ఇస్తాడు. విచారణ, అప్పీలు. చివరి నోటిఫికేషన్. గడువులో చెప్పుకోని హక్కు పోయినట్టే. నోటితో చెప్పుకోవచ్చని చట్టంలో ఉంది, పైకి చూస్తే న్యాయంగానే ఉంటుంది. కానీ "నీ హద్దులేవి?" అనే ప్రశ్నకు పన్నెండేళ్ళ చక్రంలో తిరిగేవాడు ఏం జవాబు చెప్పాలి? ఈ ఏటి చెక్క చూపిస్తే మిగతా కొండ పోతుంది. కొండంతా చూపిస్తే అబద్ధాలకోరు అంటారు. ప్రకటన అర్థం కాక గడువు దాటిపోతే అసలు ఏమీ మిగలదు.

గోదారిగట్టు #4

ఒక సవరణ. 1879 ఫితూరీకి 1882 చట్టం కారణం కాలేదు, సంవత్సరాలు చూసుకోండి. 1922 నాటి అల్లూరి సీతారామరాజు గొడవకైతే అవును.

అసలు మీరిద్దరూ ఈ "చూపు" అనేదానికి ఎక్కువ బరువు ఇస్తున్నారనిపిస్తోంది. రైలు పట్టాలకు స్లీపర్లు కావాలి, నౌకలకు టేకు కావాలి, ఖజానాకు అబ్కారీ డబ్బు కావాలి. డబ్బు ముందు, ధిక్కారం వెనక. నిదర్శనం కావాలంటే బర్మా చూడండి. పోడును తిట్టిపోసిన అటవీశాఖే అక్కడ కరెన్ జనం చేత అదే పోడు చేయించి, పంట మధ్యలో టేకు మొక్కలు నాటించుకుంది. దాన్ని టౌంగ్యా పద్ధతి అన్నారు, ప్రోత్సహించింది ఆ బ్రాండిసే. నిప్పు అదే, నరుకుడు అదే. టేకు వస్తుందంటే శాస్త్రీయం, సామ పండితే అనాగరికం.

తాటితోపు #5

గోదారిగట్టు గారి సవరణ సరైనదే. 1879ని రగిలించింది అడవి కన్నా ముందు కల్లు.

క్రమం ఇదీ. రంప కొండలను ఈస్టిండియా కంపెనీ 1813లో రామభూపతి అనే మన్సబుదారుకు (కొండల పాలకుడికి) పేష్కషు, అంటే సర్కారుకు కట్టే కప్పం, లేకుండా ఒప్పగించింది, కొండల్ని అదుపులో ఉంచాలని షరతు. కింద ముఠాదార్లు, ఒక్కొక్కరికి కొన్ని ఊళ్ళు. ఇక్కడే మొదటి పొరపాటు. మైదానంలో జమీందారును చూసిన కళ్ళతో మన్సబుదారును చూసి, ముఠాదార్లు ఆయన కింద కౌలుదార్లు అనుకున్నారు. కొండల్లో లెక్క అది కాదు, ముఠాదార్లు ఒప్పుకున్నంత కాలమే మన్సబుదారు. 1835లో రామభూపతి పోయాక వారసత్వం మీద ఏళ్ళ తరబడి గొడవ. చివరికి 1848లో ఆయన అక్రమ సంతానాన్ని గద్దె మీద నిలబెట్టి, ముఠాదార్ల చేత ఒప్పందం రాయించుకున్నారు. వెనక సర్కారు ఉందన్న ధైర్యంతో ఈ కొత్త మన్సబుదారు పన్నులు పెంచుతూ పోయాడు, ముఠాలు లాక్కుంటూ పోయాడు.

ఆపైన అబ్కారీ. కొండల్లో జీలుగు కల్లు, తాటికల్లు పండగనాటి సరదా మాత్రమే కాదు, గింజలు అయిపోయే ఎండాకాలంలో అది సగం తిండి. ఎవరి చెట్టు వాళ్ళు గీసుకుంటారు. కొత్త అబ్కారీ నిబంధనలు ఇంటి వాడకానికి గీసుకోవడాన్ని కూడా ఆపి, కల్లు హక్కును వేలంపాటలో కాంట్రాక్టర్లకు ఇచ్చాయి. వాళ్ళు చిగురుపన్ను పేరుతో కల్లు పన్ను వసూలు మొదలుపెట్టారు. మన్సబుదారు ఊరుకుంటాడా, దానిమీద మొదలుపన్ను అని మరో సగమో, మూడింట రెండు వంతులో అడిగాడు.

ఎత్నోసెంట్రిజం ఎక్కడుందంటే, సర్కారు దృష్టిలో కల్లు ఒక వ్యసనం. వ్యసనం మీద పన్ను వేస్తే ఖజానాకు డబ్బు, జనానికి నీతి. అది అంబలి లాంటిదని తెలిసి ఉంటే అంబలి మీద పన్ను వేస్తున్నామా అన్న అనుమానమైనా వచ్చేది. డబ్బు కావాలన్న కోరిక అన్నిచోట్లా ఉంది గోదారిగట్టు గారూ. ఎంతదాకా లాగొచ్చో తెలియకపోవడమే కొండల్లో అదనం.

పాతకాగితం #6

మూడోది మర్చిపోకండి, సివిల్ కోర్టు. ఫితూరీ మొదలయ్యాక విచారణకు వెళ్ళిన బోర్డ్ ఆఫ్ రెవెన్యూ సభ్యుడు సల్లివన్ గట్టిగా పట్టుకున్న విషయాల్లో ఇదొకటి. మైదానం వర్తకుడు కొండవాడికి అప్పిచ్చి కాగితం రాయించుకుంటాడు. దావా కింద కోర్టులో పడుతుంది. సమన్లు చదివేవాడు కొండమీద లేడు, తారీఖు తెలియదు, దారి పొడవునా జ్వరాల అడవి. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ, అంటే అతను లేకుండానే తీర్పు. తర్వాత జప్తు చేసే కోర్టు ఉద్యోగి అమీను వచ్చి పశువుల్ని, గింజల్ని తోలుకుపోతాడు. 5 రూపాయల అప్పుకు 100 రూపాయల సొత్తు పట్టుకుపోయారన్న వాంగ్మూలం ఆ విచారణలో వచ్చింది.

కోర్టు ఎవరికీ అన్యాయం చేయాలనుకోలేదు. చదువు, క్యాలెండరు, ప్లీడరు ప్రతివాదికి ఉన్నాయని అనుకుని నడిచింది, అంతే. నాకు కనిపిస్తున్న వరస ఏమిటంటే: తమ పద్ధతి అందరిదీ అనుకోవడం, దాన్ని రూలుగా రాయడం, ఆ రూలును వాడుకునే మధ్యదళారీ దొరకడం, అవతలివాడికి ఫిర్యాదు చేసుకునే చోటు లేకపోవడం. నాలుగూ కలిశాకే తుపాకీ. మొదటిది ఒక్కటే ఉంటే వెక్కిరింతతో ఆగిపోతుంది.

1879 మార్చిలో రంపలో పోలీసుల మీద దాడితో మొదలైంది. అక్కణ్ణించి విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు, ఆ తర్వాత భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. రేకపల్లి సంగతి ఆసక్తికరం. ఆ ప్రాంతం 1874 దాకా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేది, పోడుకు పెద్దగా అడ్డు లేదు. మద్రాసు చేతికి వచ్చాక పోడు పన్ను మూడింతలయింది, కొన్ని చోట్ల అసలు చేయకూడదన్నారు. కొండ అదే, జనం అదే, జిల్లా ఫైలు మారింది.

మావూరికొండ #7

తెల్లవాళ్ళ మీద రాసేసి చేతులు దులుపుకుంటున్నారు అందరూ. 5 రూపాయలకు 100 రూపాయలు ఎత్తుకుపోయింది ఎవరు? తెలుగు మాట్లాడే షావుకారు. కల్లు పాట పాడింది ఎవరు? మైదానం కాంట్రాక్టరు. లాఠీ పట్టుకుంది ఎవరు? మనవాళ్ళే. "అడవిమనిషి" అనే మాటను తిట్టుగా వాడేది ఏ భాషలో? కొండవాడికి లెక్క రాదు, కొండవాడికి రేపటి ధ్యాస లేదు అన్న నమ్మకాలు లండన్ నుంచి ఓడలో దిగలేదు. అవి ఉన్నాయి కాబట్టే పై రూలు కింద అంత సాఫీగా నడిచింది.

ఫితూరీ తర్వాత ముఠాదార్ల హక్కులకు సనదులు (హక్కుపత్రాలు) ఇచ్చి, మన్సబు తీసేసి, చిగురుపన్ను, మొదలుపన్ను ఎత్తేసి సర్కారు వెనక్కి తగ్గింది. షావుకారు తగ్గలేదు. 1917లో ఏజెన్సీలో భూమి, వడ్డీల మీద చట్టం తేవాల్సి వచ్చిందంటే అందుకే. ఆదివాసీ భూమిని బయటివాళ్ళు ఏజెన్సీని చూసే సర్కారు ఏజెంటు అనుమతి లేకుండా కొనకూడదని ఆ చట్టం. అనుమతులు దొరుకుతూనే పోయాయి. చివరికి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు మీద 1959లో వచ్చిన 1వ రెగ్యులేషనుకు 1970లో సవరణ తెచ్చి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని అనుకోవాలి, కాదంటే వాడే రుజువు చేసుకోవాలి అన్నారు. రుజువు భారం తిరగబడింది. వందేళ్ళ చరిత్రలో నాకు నచ్చిన వాక్యం అదొక్కటే.

జోడేఘాట్_దారి #8

మా దిక్కు ముచ్చట గూడ కలపండి. ఇక్కడ పాలకులు తెల్లోళ్ళు గాదు, నిజాం సర్కారు. అయినా గదే తప్పు.

ఆదిలాబాద్ గోండులు నాగలి రైతులు. నల్లరేగడి గాదు, ఎగువ మెట్టల ఎర్రచెల్కలు దున్నేటోళ్ళు. ఆ నేల పల్చన, కొన్నేండ్లు దున్నినంక పడావు పెట్టాలె. ఊరి హద్దుల్నే చెల్కలు మార్చుకుంట పోయెటోళ్ళు. పట్టా ఉండకపోయేది, శివాయి జమాబందీ కింద ఏటేటా పన్ను కట్టుకునేటోళ్ళు. అడవి శాఖోళ్ళు హద్దురాళ్ళు పాతుకుంట వచ్చినప్పుడు పడావు చెల్కల తుప్పలు మొలిచి ఉండె. గవన్నీ జంగల్ కింద రాసుకున్నరు. మీరు చెప్పిన 15 ఎకరాల కథనే. 1929ల కాజీపేట-బల్లార్షా రైలు పూర్తైనంక బయటి రైతులు వచ్చిన్రు, ఉర్దూల దరఖాస్తు పెట్టనొచ్చినోనికి పట్టా అయింది.

కొమురం భీం 1940ల జోడేఘాట్ల నేలకొరిగిండు. తర్వాత సర్కారు హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి పంపి ఎందుకిట్ల అయిందని అడిగింది. ఆయన సూచనలతోని పట్టాలు, మార్లవాయిల గోండి బడి వచ్చినయి. ముందుగాల అడిగుంటే అయిపోవు.

పేపర్2 #9

ఒక ఇరుకు ప్రశ్న. గంజాం కొండల్లో కోందు ఆదివాసుల మెరియా అనే నరబలి ఆచారాన్ని కంపెనీ ఆపింది. దాన్ని కూడా ఎత్నోసెంట్రిజం ఖాతాలో రాయాలా? రాస్తే నరబలిని సమర్థించినట్టు, రాయకపోతే నాగరికత నేర్పడానికి వచ్చాం అన్న వాదనను ఒప్పుకున్నట్టు. సివిల్స్‌లో ఆంత్రోపాలజీ ఆప్షనల్ రాసేవాళ్ళకు ఇది తరచూ ఎదురయ్యే చిక్కు.

పాతకాగితం #10

రెండూ చేయనక్కర్లేదు. ప్రాణం తీయడాన్ని తప్పనడం ఎత్నోసెంట్రిజం కాదు. బలికి కొనుక్కొచ్చిన మనిషి వైపు నుంచి చూసినా తప్పే అది. చూడాల్సింది ఆపిన తీరు. 1845లో మెరియా ఏజెన్సీ అని ప్రత్యేకంగా పెట్టారు, 1861 దాకా నడిచింది. దాని సేన బలికి ఉంచిన మనుషుల్ని విడిపించింది, అది నిజం. లొంగని ఊళ్ళు తగలబెట్టింది, అదీ నిజమే. కొండలకు దారులు, దండు, పన్ను దాని వెనకే నడిచాయి. 1846 నుంచి చక్రబిసోయి అనే నాయకుడి వెంట కోందులు తిరగబడితే, బలి కోసమే తిరగబడ్డారని రాసుకోవడం పాలకులకు సులువైంది. జవాబులో ఆచారాన్ని ఒక పేరాలో, జోక్యం తీరును ఇంకో పేరాలో విడదీసి రాయండి. ఒకే వాక్యంలో కలిపితే ఎటోవైపు జారుతుంది.

గోదారిగట్టు #11

నా వాదన పూర్తిగా వదులుకోను గానీ, #6లో చెప్పిన వరస బాగుంది. డబ్బును అందులో ఎక్కడ పెడతారో చెప్పలేదు మరి. నేనైతే మొదటి మెట్టు కింద పెడతాను. 1871 బోర్డు వాళ్ళు కూడా ఆ ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్ళే, చూపు అదే. అయినా అడవి ఊళ్ళదే అనగలిగారు, ఎందుకంటే అప్పటికి వాళ్ళ పద్దు భూమిశిస్తు, రైతు చల్లగా ఉంటేనే వాళ్ళకు రాబడి. కలప పద్దు ఉన్న శాఖ వచ్చాకే ఆ అడవి సర్కారుదయింది.

సర్వేరాయి #12

దానికి నా దగ్గర ఎదురు ఉదాహరణ ఉంది, ఆస్ట్రేలియా ఒక్కసారి తీయక తప్పదు. 1835లో జాన్ బ్యాట్‌మన్ అనే ఆసామి ఇప్పటి మెల్‌బోర్న్ దగ్గర అక్కడి ఆదివాసులతో భూమి ఒప్పందం రాసుకున్నాడు. అది ఎంత మోసపు బేరమైనా, అమ్మడానికి వాళ్ళకు భూమి ఉందని ఒప్పుకున్నట్టే కదా. గవర్నర్ బర్క్ వెంటనే ప్రకటన చేసి రద్దు చేశాడు, అది రాజుగారి భూమి, అమ్మడానికి మీరెవరు అని. ఆ "ఎవరిదీ కాని నేల" సిద్ధాంతాన్ని అక్కడి హైకోర్టు 1992లో మాబో తీర్పులో గానీ కొట్టేయలేదు. ఆశ ఉన్నవాడు కొనడానికైనా సిద్ధపడ్డాడు. యజమానే లేడన్నది చట్టం. కాబట్టి డబ్బూ చూపూ ఎప్పుడూ ఒకే దిక్కుకు లాగవు.

చోడంబలి #13

1922 గురించి ఎవరూ రాయలేదు, క్లుప్తంగా రాసేస్తాను, అందరికీ తెలిసిన కథే కనుక. విశాఖ ఏజెన్సీలోని గూడెంలో డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం-చింతపల్లి దారి పనికి జనాన్ని వెట్టికి తోలాడు. అప్పటికి రిజర్వులు వచ్చి పోడు బిగుసుకుంది. గాం గంతం దొరలాంటి స్థానిక పెద్దలకు పదవులు పోయిన కడుపుమంట ఉంది. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు వరసగా కొట్టి సీతారామరాజు దళం 26 తుపాకులు పట్టుకుపోయింది. 1879తో పోలిస్తే కొత్తది ఏమిటంటే నాయకుడు మైదానం మనిషి. అందుకే మావూరికొండ గారి లెక్కలో మైదానాన్ని మొత్తంగా ఒకే గాటన కట్టలేం.

ఇంకో సంగతి. రిజర్వు గీత వల్ల తిరగడానికి ఉన్న కొండ తగ్గితే చక్రం కుదించుకుపోతుంది. 18 ఎకరాల చోట 9 ఎకరాలే మిగిలితే, ఏటా అవే 3 ఎకరాలు చేయాలంటే చక్రం ఆరేళ్ళు, విశ్రాంతి నాలుగేళ్ళు. నాలుగేళ్ళలో మోడు చెట్టు కాదు, పొద కూడా సరిగ్గా కాదు. కాల్చడానికి కట్టె లేదు, బూడిద లేదు, గడ్డి ముసురుతుంది, మట్టి జారుతుంది. అప్పుడు అటవీ అధికారి వచ్చి, చూశారా, పోడు అడవిని నాశనం చేస్తుందని మేం ముందే చెప్పాం అంటాడు. ఈసారి అతను చెప్పేది కంటికి కనిపించే నిజం కూడా. పాలకుడి అభిప్రాయమే తన రుజువును తయారుచేసుకునే ఈ తీరు పోడు చరిత్రంతా ఉంది.

పేపర్2 #14

మరి 2006 అటవీ హక్కుల చట్టంతో ఈ చూపు పోయినట్టేనా? 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాల దాకా పోడు పట్టాలు ఇచ్చారు కదా.

మావూరికొండ #15

చట్టంలో చాలావరకు పోయింది, ఆఫీసులో అంతగా పోలేదు. పట్టాలు మంచివే, కానీ పోడు పట్టా అంటే ఈ ఏటి 3 ఎకరాలకు హద్దు గీసి ఇవ్వడం. విశ్రాంతిలో ఉన్న కొండ మళ్ళీ లెక్కలోకి రాదు. దానికి సామూహిక హక్కు కోరుతూ ఫారం-బి, సామూహిక అటవీ వనరు మీద హక్కుకు ఫారం-సి పెట్టాలి. చాలా ఊళ్ళు వ్యక్తిగత హక్కుకు పెట్టే ఫారం-ఎ దగ్గరే ఆగిపోతున్నాయి.

వ్యక్తిగత దరఖాస్తుకు గుర్తుంచుకోవలసినవి: 2005 డిసెంబరు 13కు ముందునుంచీ సాగులో ఉండాలి, గరిష్ఠం 4 హెక్టార్లు. గిరిజనేతర అడవివాసులైతే దానిపైన మూడు తరాలు, అంటే 75 ఏళ్ళు అక్కడే ఉన్నట్టు చూపాలి. దరఖాస్తు గ్రామసభకు, అది ఎన్నుకున్న 10 నుంచి 15 మంది హక్కుల కమిటీ స్థలం చూసి నివేదిక ఇస్తుంది. ఒకటి కన్నా ఎక్కువ ఆధారాలు కావాలి. కాగితమే అక్కర్లేదు. ఊరి పెద్దలు చెప్పింది రాసి పెట్టినా, పాత సమాధులు, గుడి, బావి చూపినా ఆధారమే. పోడు చేశారని అటవీశాఖ ఎప్పుడో రాసిన పాత కేసు కాగితం ఇంట్లో ఉంటే పారేయకండి, నేరానికి రాసిన ఆ కాగితం ఇవాళ సాగుకు సాక్ష్యం.

తిరస్కరణలు ఎక్కువగా ఎక్కడ వస్తున్నాయంటే, ఉపగ్రహ చిత్రంలో పచ్చగా ఉంది కాబట్టి సాగు లేదనడం. విశ్రాంతి చెక్క పచ్చగా ఉండక ఎర్రగా ఉంటుందా? ఉపగ్రహ చిత్రం మిగతా ఆధారాలకు తోడుగా మాత్రమే వాడాలి, వాటి బదులు కాదు అని 2012 సవరణ నిబంధనల్లో ఉంది. ఆ మాట అప్పీలులో రాయాలి.

జోడేఘాట్_దారి #16

అప్పీలు గడువు 60 రోజులు. గ్రామసభ కాదంటే సబ్‌డివిజన్ కమిటీకి, అక్కడ కాదంటే జిల్లా కమిటీకి. కారణం రాతల ఇయ్యాలె అని అడగండి, నోటితోని చెప్తే ఊకోకండి. రాతల లేకుంటే 60 రోజులు ఎప్పటిసంది లెక్కపెట్టాల్నో గూడ తెల్వదు.